మైదాన వ్యూహకర్తలు – 9: పంగలకర్ర వ్యూహం

1968 సెప్టెంబరు 21న ఆస్టిన్‌లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంతో ఆడటానికి దిగిన టెక్సాస్ జట్టు, పెద్ద కాలేజీల ఆటలో జనానికి అలవాటు లేని తీరులో నిలబడింది. ముందు క్వార్టర్‌బ్యాక్, అతని వీపు వెనకే బాగా దగ్గరగా ఫుల్‌బ్యాక్, ఆ ఇద్దరి వెనక చెరో పక్కన ఒక్కో హాఫ్‌బ్యాక్. పై మెట్ల మీది నుంచి చూస్తే ఆ నలుగురూ కలిసి నేల మీద పడేసిన పంగలకర్రలా ఉంటారు. అమెరికన్లకు అది చూడగానే కోడి రొమ్ము దగ్గరి పంగ ఎముక గుర్తొచ్చింది. వాళ్లు ఆ ఎముకను ఇద్దరు చెరో కొసా పట్టుకుని, మనసులో ఏదో కోరుకుని విరుస్తారు. హ్యూస్టన్ పోస్ట్ పత్రిక విలేకరి మిక్కీ హెర్స్కోవిట్జ్ నోట వచ్చిన ఆ పోలిక నుంచే విష్‌బోన్ అన్న పేరు స్థిరపడింది. ఆ రోజు ఆట 20–20తో సమమైంది. వారం తిరక్కుండానే టెక్సాస్ టెక్ చేతిలో 31–22తో ఓడిపోయారు. ఆ తర్వాత 1970 చివరిదాకా వరసగా 30 ఆటలు గెలిచారు. ఆ గెలుపుల కీర్తి హెడ్ కోచ్ డారెల్ రాయల్‌కు దక్కింది. ఆస్టిన్ స్టేడియానికి ఇప్పుడు ఉన్న పేరూ ఆయనదే. ఆ పంగలకర్రను కాగితం మీద గీసి, మైదానంలో నడిపించి చూసినవారు ఆయన కింద అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా పనిచేసిన ఎమరీ బెలార్డ్. రాయల్ గొప్పతనాన్ని తగ్గించాలని ఈ భాగం రాయడం లేదు. ఒక సహాయక కోచ్ సాధించినదాన్ని ఏ కొలతతో కొలవాలో మనం ఇంకా సరిగ్గా తేల్చుకోలేదని, ఆ కొలత మారితే బెలార్డ్ ఆ శతాబ్దపు కాలేజీ ఫుట్‌బాల్‌లో అగ్రవరుసలో నిలుస్తారని చెప్పడం కోసం రాస్తున్నాను.

ఈ ఆట మనలో చాలామందికి కొత్త కాబట్టి ముందు కొంత వివరం అవసరం. బంతి చేతిలో ఉన్న జట్టు 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ 4 ప్రయత్నాలు, పోకపోతే బంతి అవతలివాళ్లది. ప్రతి ప్రయత్నానికీ ముందు ఆట ఆగుతుంది, అందరూ మళ్లీ వరస కడతారు, ఎవరు ఎటు కదలాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఇలా ఆగి ఆగి సాగే ఆట కావడం వల్లనే ఇందులో వ్యూహానికి అంత విలువ. ఆ దాడి వ్యూహం మొత్తానికీ బాధ్యుడు అఫెన్సివ్ కోఆర్డినేటర్. సినిమాలో స్క్రీన్‌ప్లే రాసినవాడి స్థితి లాంటిది ఆయనది: కథ నడిచిన తీరంతా ఆయన పనే, పోస్టర్ మీద పెద్దక్షరాలు మాత్రం దర్శకుడివి. అమెరికాలో కోచ్‌ల పేర్ల పక్కన గెలుపు ఓటముల లెక్క రాస్తారు. ఆ లెక్క హెడ్ కోచ్‌లకే ఉంటుంది. 1967 నుంచి 1971 దాకా టెక్సాస్‌లో పనిచేసిన బెలార్డ్‌కు ఆ ఐదేళ్లకూ సొంత లెక్కంటూ ఒక్క అంకె లేదు. అంకె లేనిచోట పని కూడా లేనట్టే చరిత్ర రాయడం మనకు అలవాటైపోయింది.

1927లో టెక్సాస్‌లోని లూలింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టిన బెలార్డ్ విశ్వవిద్యాలయంలోకి రాకముందు చాలా ఏళ్లు హైస్కూల్ కోచ్. బ్రెకెన్‌రిడ్జ్‌లోను, శాన్ యాంజెలో సెంట్రల్‌లోను కలిపి మూడు రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు సాధించారు. శాన్ యాంజెలో గెలుపు 1966లో వచ్చింది. హైస్కూల్ అంటే తేలిగ్గా తీసుకోవలసిన చోటు కాదది. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు తెలుసు, శుక్రవారం రాత్రి ఆట ఉందంటే అక్కడ ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. నా వాదనకు ఆధారం ఈ హైస్కూల్ ఏళ్లే. విశ్వవిద్యాలయ కోచ్ తనకు నచ్చిన ఆటకు సరిపోయే కుర్రాళ్లను రాష్ట్రమంతా వెతికి తెచ్చుకోగలడు. హైస్కూల్ కోచ్‌కు ఆ వీలు లేదు. ఆ ఏడు ఊళ్లో ఎవరు పదహారేళ్లకొచ్చారో వాళ్లే ఆయన జట్టు. పొయ్యి మీదికి వచ్చిన కూరగాయలతోనే వంట చేయాలి. పిల్లలను చూసి వ్యూహం కుట్టడమే తప్ప, వ్యూహం చూసి పిల్లలను తెచ్చుకోవడం ఉండదు. బెలార్డ్ ఆస్టిన్‌కు తీసుకొచ్చిన నేర్పు ఇదే.

అక్కడ ఆయన కోసం ఎదురుచూస్తున్న చిక్కు కూడా సరిగ్గా అలాంటిదే. 1963లో దేశ ఛాంపియన్ అయిన టెక్సాస్ 1965 నుంచి మూడేళ్లు వరసగా నాలుగేసి ఆటలు ఓడింది. 1967లో లైన్‌బ్యాకర్ల కోచ్‌గా చేరిన బెలార్డ్‌కు 1968లో రాయల్ దాడి బాధ్యత అప్పగించారు. చేతిలో బలం లేక కాదు, బలం ఒకేచోట పోగుపడటం వల్ల ఇబ్బంది. మూడేళ్లు వరసగా వెయ్యి గజాలు దాటి పరుగెత్తిన మొదటి కాలేజీ ఆటగాడిగా ఆ ఏడాది పేరు తెచ్చుకోబోతున్న క్రిస్ గిల్బర్ట్ ఉన్నాడు. ఢీకొంటే గోడ కదిలే స్టీవ్ వర్స్టర్ అప్పుడే ప్రధాన జట్టులోకి వచ్చాడు. టెడ్ కోయ్ ఉన్నాడు. అప్పటి అమరికల్లో ఇద్దరు పరుగెత్తేవాళ్లకే చోటు. మూడోవాడు బెంచీ మీద కూర్చోవాలి. ముగ్గురినీ మైదానంలో ఉంచే దారి కావాలి. బెలార్డ్ ఆ వేసవిలో ఖాళీ మైదానంలో తన కొడుకునూ మరికొందరినీ నిలబెట్టి, తనే క్వార్టర్‌బ్యాక్ చోట నిలిచి, అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక్కో కదలికా సరిచూసుకున్నారు. మధ్యవయసు కోచ్ ఒకాయన ఎండలో బంతి పట్టుకుని, ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు నడుచుకుంటూ పోవడం: ఆ ఆట చరిత్రలో అంత పెద్ద మలుపు చూడటానికి అంత మామూలుగా ఉంది.

ఆ కదలికను కొంచెం దగ్గరగా చూద్దాం. బంతి అందుకోగానే క్వార్టర్‌బ్యాక్ దాన్ని దూసుకొస్తున్న ఫుల్‌బ్యాక్ పొట్టకు ఆనిస్తాడు. ఇంకా వదలడు. ఇద్దరి చేతులూ బంతి మీదే ఉంటాయి, ఇద్దరూ కలిసి ఒక అడుగు వేస్తారు. ఆ అడుగు పూర్తయ్యేలోగా క్వార్టర్‌బ్యాక్ కళ్లు ఎదుటి వరసలో ఒకే ఒక్కడి మీద ఉంటాయి. అతన్ని కావాలనే ఎవరూ అడ్డుకోరు, వదిలేస్తారు. అతను ఫుల్‌బ్యాక్ మీదికి వాలితే క్వార్టర్‌బ్యాక్ బంతిని వెనక్కి లాక్కుని పక్కకు పరుగెత్తుతాడు. వాలకపోతే బంతి ఫుల్‌బ్యాక్‌కే వదిలేస్తాడు. పక్కకు పరుగెత్తితే అంచు దగ్గర మరొకడు ఎదురవుతాడు, అతన్నీ ఎవరూ అడ్డుకోరు. అతను క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తే బంతి వెనకాల వస్తున్న హాఫ్‌బ్యాక్ చేతుల్లోకి ఎగురుతుంది. రాకపోతే క్వార్టర్‌బ్యాకే లోపలికి తిరిగి దూసుకుపోతాడు. రెండో హాఫ్‌బ్యాక్ అప్పటికే ముందు పరుగెడుతూ దారి తుడిచి ఉంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది ఆ వదిలేసిన ఇద్దరి పరిస్థితి. మన కబడ్డీలో డిఫెండర్లకు ఈ సంకటం అలవాటే: కూతకొచ్చినవాడి కాలికి వంగితే చెయ్యి తగులుతుంది, వంగకపోతే గీత దాటిపోతాడు. ఏది ఎంచుకున్నా తప్పే అయ్యేలా ఎదుటివాణ్ని నిలబెట్టడం, ఆ ఇద్దరినీ బలంతో కాక చూపుతో ఓడించడం, అలా మిగిలిన ఇద్దరు ఆటగాళ్లను మరోచోట అడ్డు వేయడానికి వాడుకోవడం ఈ వ్యూహం లోపలి లెక్క. పైగా అమరిక రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి కదలిక మొదలయ్యేదాకా దాడి ఎటు పోతుందో ఎదుటివాళ్లు ముందుగా పసిగట్టలేరు.

కాగితం మీది లెక్క మైదానంలో వెంటనే కుదరలేదు. ఫుల్‌బ్యాక్ మరీ దగ్గరగా ఉండటంతో ఎదుటివాడి కదలికను చదవడానికి క్వార్టర్‌బ్యాక్‌కు సమయం చాలలేదు. మొదటి రెండు ఆటల తర్వాత వర్స్టర్‌ను కొంచెం వెనక్కి జరిపారు. పేరున్న బిల్ బ్రాడ్లీ స్థానంలో జేమ్స్ స్ట్రీట్‌ను క్వార్టర్‌బ్యాక్ చేశారు. బ్రాడ్లీ ఆ తర్వాత రక్షణ వైపు మారి వృత్తి ఫుట్‌బాల్‌లోనూ రాణించాడు. ఇక స్ట్రీట్ మొదలుపెట్టిన 20 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. ఈ మార్పుల తర్వాతి ఆటలోనే ఓక్లహోమా స్టేట్‌ను 31–3తో ఓడించారు. మూడేళ్లుగా తడబడిన జట్టు 1968 నుంచి 1973 దాకా ఆరేళ్లు వరసగా సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ విజేత. 1969లో ఓటమి ఎరగకుండా దేశ ఛాంపియన్ అయింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది: ఇదంతా బెలార్డ్ కనిపెట్టారనడం న్యాయమా? ఒక బలమైన సాక్ష్యం అవతలి పక్షానే ఉంది. ఆ మొదటి ఆటలో ఎదురుగా నిలిచిన హ్యూస్టన్ కోచ్ బిల్ యోమన్ అంతకు ముందే వీర్ అనే పేరుతో ఇదే మూడు దారుల ఆటను ఇద్దరు బ్యాక్‌లతో ఆడిస్తున్నారు. అదే ఏడాది నవంబరులో ఆయన జట్టు టల్సాను 100–6తో చిత్తు చేసింది. ఫోర్ట్‌వర్త్‌లో ఒక మిడిల్ స్కూల్ కోచ్ చార్ల్స్ కేసన్ ఇలాంటి పంగ అమరికను ముందే వాడారని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ రెండింటినీ నేను ఒప్పుకుంటాను. ఎదుటివాణ్ని అడ్డుకోకుండా చదవాలన్న ఆలోచన యోమన్‌దే. పంగ ఆకారం కూడా ముందే ఎక్కడో ఉండి ఉండవచ్చు. కానీ వీర్‌లో లేనిది ఒకటుంది: ముందు పరుగెత్తి దారి తుడిచే మూడో బ్యాక్. ఆ ఒక్కడు కలవడంతో అంచు దగ్గర లెక్క మారిపోతుంది, ఇద్దరికి ఇద్దరుగా ఉన్నచోట దాడివైపు ఒకరు ఎక్కువవుతారు. చూపు ఒకచోట, ఆకారం మరోచోట ఉన్నాయి. రెంటినీ కలిపి, ఫుల్‌బ్యాక్ ఎన్ని అడుగుల వెనక ఉండాలి, ఏ కాలు ముందు కదలాలి, బంతి ఏ క్షణంలో వదలాలి అన్నంత వివరంగా పద్ధెనిమిది పందొమ్మిదేళ్ల కుర్రాళ్లకు నేర్పగల పాఠంగా మార్చింది బెలార్డ్. మగ్గం ముందే ఉంది, నూలు ముందే ఉంది. చీర నేసినవాడికి పేరు ఇవ్వడానికి అవి అడ్డురావు.

దీనికన్నా బరువైన అభ్యంతరం రాయల్ వైపు నుంచి వస్తుంది. ఆలోచనలు చెప్పేవాళ్లు ప్రతి కోచింగ్ గదిలోనూ ఉంటారు. వాటి మీద తన ఉద్యోగాన్ని పణం పెట్టేవాడు ఒక్కడే. మూడేళ్లు తడబడిన హెడ్ కోచ్, సీజన్ మొదలవబోతుండగా ఎవరూ పరీక్షించని అమరికకు మారడం, మొదటి రెండు ఆటలూ గెలవకపోయినా వదలకపోవడం మామూలు ధైర్యం కాదు. 1969 డిసెంబరు 6న ఫెయెట్‌విల్‌లో జరిగిన ఆట ఈ మాటకు గట్టి ఆధారం. మొదటి స్థానంలో టెక్సాస్, రెండో స్థానంలో ఆర్కన్సా, చూడటానికి వచ్చినవారిలో అధ్యక్షుడు నిక్సన్. టెక్సాస్ ఆ రోజు ఆరుసార్లు బంతి పోగొట్టుకుంది. మూడో క్వార్టర్ ముగిసేసరికి ఆర్కన్సా 14–0తో ముందుంది. నాలుగో క్వార్టర్ మొదటి ప్రయత్నంలోనే స్ట్రీట్ 42 గజాలు పరుగెత్తి గోల్ చేరాడు, ఆ వెంటనే మరో రెండు పాయింట్లూ తెచ్చాడు. ఆట ముగియడానికి ఐదు నిమిషాలు కూడా లేవనగా, తమ 43వ గజం దగ్గర, నాలుగో ప్రయత్నంలో ఇంకా 3 గజాలు కావాలి. పరుగుకే పుట్టిన ఆ జట్టును రాయల్ దూరానికి బంతి విసరమన్నారు. ర్యాండీ పెషెల్ తల తిప్పి, ఇద్దరు రక్షకుల మధ్య నుంచి 44 గజాల బంతి అందుకున్నాడు. రెండు ప్రయత్నాల తర్వాత జిమ్ బెర్టెల్సన్ గీత దాటాడు. 15–14. ఆ పిలుపు రాయల్‌దే, అందులో ఎవరికీ వాటా లేదు. అయితే ఆ బంతి ఎందుకు అందిందో కూడా చూడాలి. మధ్యాహ్నమంతా పరుగునే ఆపుతూ వచ్చిన రక్షకులకు ఆ కదలిక కూడా పరుగులాగే కనిపించేలా మొదలైంది. సాహసం హెడ్ కోచ్‌ది, ఆ సాహసానికి చోటు ఉంచింది కోఆర్డినేటర్ వ్యూహం. ఒకరి పద్దు నుంచి తీసి ఇంకొకరి పద్దులో వేయనక్కర్లేదు. నా ఫిర్యాదల్లా రెండో పద్దు తెరవనే లేదని.

మూడో అభ్యంతరాన్ని నేను తేలిగ్గా దాటలేను. 1969 టెక్సాస్ జట్టులో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. అలా అందరూ తెల్లవాళ్లే ఉండి దేశ ఛాంపియన్ అయిన చివరి జట్టు అదే. టెక్సాస్ తొలి నల్లజాతి ఆటగాడు జూలియస్ విటియర్ ప్రధాన జట్టులో ఆడింది 1970లో. రాష్ట్రంలో సగం ప్రతిభకు తలుపు మూసి, మిగతా సగంలో ఏరుకున్న బలంతో, అలాగే తలుపులు మూసుకున్న పొరుగు జట్ల మీద గెలిచినదాన్ని వ్యూహం గొప్పతనమని ఎలా అనగలం? ఈ ప్రశ్నకు టెక్సాస్ రికార్డులో జవాబు దొరకదు. ఆ గెలుపుల మీద ఆ మచ్చ అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. వ్యూహం విలువ తేలాలంటే అది వేరేచోట, వేరే ఆటగాళ్ల చేతుల్లో ఏమైందో చూడాలి. చరిత్ర అలాంటి పరీక్షలు రెండు పెట్టింది.

మొదటిది ఓక్లహోమా. 1970 సీజన్ మధ్యలో తడబడుతున్న ఆ జట్టులో అఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్యారీ స్విట్జర్ పట్టుబట్టి దాడిని విష్‌బోన్‌కు మార్పించారు. రాయల్ అభ్యంతరం చెప్పకపోవడంతో బెలార్డే వివరాలు చెప్పి సాయపడ్డారు. ప్రతి ఏడూ తమతో తలపడే జట్టుకు తమ గుట్టు తామే ఇచ్చారన్నమాట. మొదటిసారి టెక్సాస్ మీద ఆడి 41–9తో ఓడారు. మరుసటి ఏడాదికి క్వార్టర్‌బ్యాక్ జాక్ మిల్డ్రెన్ చేతిలో, గ్రెగ్ ప్రూయిట్ అనే మెరుపులాంటి నల్లజాతి హాఫ్‌బ్యాక్ కాళ్లలో అదే ఆట వేరే రూపం ఎత్తింది. టెక్సాస్‌లో అది ఫుల్‌బ్యాక్ బలం మీద నిలిచిన ఆట. ఓక్లహోమాలో అంచు దగ్గరి వేగం మీద నిలిచింది. 1971లో ఆ జట్టు ఆటకు సగటున 472.4 గజాలు పరుగెత్తింది. ఆ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ చెరపలేదు. ఆ ఏడు టెక్సాస్ మీద 48–27తో గెలిచారు. స్విట్జర్ హెడ్ కోచ్ అయ్యాక 1974, 1975, 1985లలో దేశ ఛాంపియన్‌షిప్‌లు వచ్చాయి. రెండోది అలబామా. 1970లో దక్షిణ కాలిఫోర్నియా జట్టు అలబామా సొంతగడ్డ మీదికి వచ్చి 42–21తో ఓడించిపోయింది. అలబామా హెడ్ కోచ్ బేర్ బ్రయంట్ 1971 వేసవిలో రాయల్ దగ్గర ఈ ఆట నేర్చుకుని, గుట్టుగా అభ్యాసం చేయించి, సెప్టెంబరు 10న లాస్ ఏంజెలెస్‌లో అదే దక్షిణ కాలిఫోర్నియా మీద 17–10తో గెలిచారు. అలబామా నల్లజాతి ఆటగాళ్లకు తలుపు తెరిచిన ఏడు కూడా అదే. కాబట్టి ఆ మార్పు మొత్తం ఒక్క వ్యూహం పుణ్యమని నేను అనను. కానీ తెల్లవాళ్లు మాత్రమే ఉన్న జట్టులోను, అందరూ కలిసిన జట్లలోను, బలం మీద, వేగం మీద, మూడు రాష్ట్రాల్లో, భిన్నమైన హెడ్ కోచ్‌ల కింద ఒకే లెక్క పనిచేసిందంటే, ఆ లెక్కకు దాని సొంత విలువ ఉందని ఒప్పుకోక తప్పదు. కోఆర్డినేటర్‌కు తగిన కొలత ఇదేనని నా ఉద్దేశం: ఆయన గది దాటి పోయాక, ఆయన చెయ్యి పడనిచోట ఆ ఆలోచన ఎన్నేళ్లు పనిచేసింది? ఈనాడు కాలేజీల్లో, వృత్తి ఫుట్‌బాల్‌లో కూడా ఒక రక్షకుణ్ని వదిలేసి, అతని కదలిక చూసి బంతి ఇవ్వాలా లాక్కోవాలా అని క్వార్టర్‌బ్యాక్ తేల్చుకునే ఆటలు ప్రతి వారం కనిపిస్తాయి. పంగ ఆకారం పోయింది, ఆ చూపు మిగిలింది.

మరి ఆయనే హెడ్ కోచ్ అయినప్పుడు అంత గొప్ప ఫలితం ఎందుకు రాలేదని అడిగేవాళ్లున్నారు. బెలార్డ్ 1972లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌కు వెళ్లారు. 48 గెలుపులు, 27 ఓటములు. 1978 సీజన్ మధ్యలో రాజీనామా. 1979 నుంచి 1985 దాకా మిసిసిపీ స్టేట్‌లో 37 గెలుపులు, 42 ఓటములు. దేశ ఛాంపియన్‌షిప్ రాలేదు. కానీ ఏ అండ్ ఎమ్ 1975లో, 1976లో పదేసి ఆటలు గెలిచింది; ఆ రెండేళ్లూ రాయల్ టెక్సాస్‌ను 20–10తో, 27–3తో ఓడించింది. పైగా హెడ్ కోచ్ పని వేరు. కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించడం, దాతలను, పాలకవర్గాన్ని సంతోషపెట్టడం, పత్రికలకు జవాబు చెప్పడం అందులో సగం. ఆ సగంలో ఆయన రాయల్, బ్రయంట్ అంతటివారు కాకపోవచ్చు. వైద్యుడికి ఆస్పత్రి నడపడం చేతకాలేదని ఆయన కనిపెట్టిన మందు పనిచేయదనం కదా. ఆయన మనసు ఎక్కడ ఉండేదో ఆ తర్వాతి అడుగు చెబుతుంది: 1988లో హ్యూస్టన్ దగ్గరి వెస్ట్‌ఫీల్డ్ హైస్కూల్‌కు తిరిగి వెళ్లి, అరవై దాటిన వయసులో ఊరి పిల్లలకు కోచ్‌గా 1993 దాకా పనిచేశారు. 2011 ఫిబ్రవరి 10న, 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన హెడ్ కోచ్ ఏళ్లలోంచి ఒక్క ఆటను మాత్రం పక్కకు తీసి చూడాలి. 1980 నవంబరు 1న మిసిసిపీలోని జాక్సన్ పట్టణంలో బెలార్డ్ జట్టుకు ఎదురుగా అలబామా నిలిచింది: అంతకుముందు రెండేళ్లూ దేశ ఛాంపియన్, అప్పటికి వరసగా 28 ఆటల విజేత, ఆడేది విష్‌బోన్. పన్నెండేళ్ల కిందట ఆస్టిన్ ఎండలో తాను అడుగులు లెక్కపెట్టి చూసుకున్న ఆటే బెలార్డ్ మీదికి తిరిగి వచ్చింది. మిసిసిపీ స్టేట్ రెండు ఫీల్డ్ గోల్స్ కొట్టి 6–3తో ముందుంది. చివరి క్షణాల్లో అలబామా గోల్ గీతకు కొద్ది గజాల దూరానికి వచ్చేసింది. క్వార్టర్‌బ్యాక్ డాన్ జేకబ్స్ బంతితో అంచువైపు కదిలాడు. మిసిసిపీ స్టేట్ రక్షకులకు ఆ కదలిక కొత్త కాదు, తమ జట్టు దాడి కూడా అదే కుటుంబానిది, అభ్యాసంలో రోజూ చూసేదే. టైరోన్ కీస్ సరాసరి జేకబ్స్‌నే ఢీకొన్నాడు. బంతి చేతుల్లోంచి జారి నేల మీద పడింది. బిల్లీ జాక్సన్ దాని మీద పడుకుండిపోయాడు.